ఛానల్ చేతులు మారితే బేరం ఎవరి చేతికి పోతుంది?

"ఫలానా ఛానల్‌ని అమ్మేశారంట" అన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండే ప్రశ్నలు వినబడతాయి. సీరియల్ ఆపేస్తారా? ఎవరి పార్టీ వాళ్లు కొన్నారు? తిరుపతిలో టీ కొట్టు దగ్గరైనా చిత్తూరు బస్టాండులోనైనా మూడో ప్రశ్న వేసేవాళ్లు నాకైతే పెద్దగా కనబడలేదు. ఇవి పనికిమాలిన ప్రశ్నలేం కావు, రెండింటికీ కిందికి పోయే కొద్దీ జవాబు చెప్తాను. కానీ అసలు సంగతి ఏంటంటే, అమ్మిన మర్నాడు తెర మీద ఏమీ మారదు. అదే యాంకరు, అదే అత్త, అదే కోడలు, ఆదివారం మధ్యాహ్నం వేసిందే వేసే అదే సినిమా. తెర వెనకాల బేరం మారుతుంది, అంటే ఎవరు ఎవరికి ఎంత కట్టాలి, ఎవరు ఎవరిని కాదనగలరు అన్నది. దాని ఫలితం మన కేబుల్ బిల్లు మీదికో, మనం చూసే కథల్లోకో రావడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. అప్పటికి అమ్మకం సంగతే అందరూ మర్చిపోయి ఉంటారు.

ఇంతకీ ఛానల్ కొన్నవాళ్లు కొనేది ఏంటి? ఒక పెద్ద ఛానల్ ఆస్తులు లెక్కేస్తే చేతికి తగిలేవి చాలా తక్కువ. శాటిలైట్ మీద జాగా అద్దెది. సీరియళ్లు తీసేది చాలావరకు బయటి ప్రొడక్షన్ హౌసులు. సినిమాల శాటిలైట్ హక్కులంటే ఇన్నేళ్లకని రాసుకున్న కాగితాలు. స్టూడియో సొంతది లేకపోయినా అద్దెకి దొరుకుతుంది. మరి వందల కోట్లు, వేల కోట్లు దేనికి పోస్తారంటే, కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ఇచ్చిన అనుమతికి, చేతిలో ఉన్న హక్కుల కట్టకి, అన్నింటికన్నా ముఖ్యంగా సాయంత్రం ఏడయ్యేసరికి చూడకుండానే రిమోట్‌లో ఆ నంబరు నొక్కే మన అలవాటుకి. ఈ మూడోదాన్ని కొత్తగా తయారు చేయాలంటే ఏళ్లు పడుతుంది. ఈటీవీ, జెమినీ రెండూ 1995లో మొదలయ్యాయి, ముప్పై ఏళ్ల అలవాటు అది. అందుకే కొత్త ఛానల్ పెట్టేకన్నా ఉన్నదాన్ని కొనడానికే పెద్ద కంపెనీలు మొగ్గు చూపుతాయి.

మనకి బాగా దగ్గరి ఉదాహరణ మా టీవీ. నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ లాంటివాళ్లు వాటాదారులుగా ఉన్న ఆ సంస్థ ప్రసార వ్యాపారాన్ని కొంటున్నట్టు 2015 ఫిబ్రవరిలో స్టార్ ఇండియా ప్రకటించింది. స్టార్‌కి అప్పటికే తమిళంలో విజయ్, మలయాళంలో ఏషియానెట్, కన్నడంలో సువర్ణ ఉన్నాయి, దక్షిణాదిలో తెలుగు ఒక్కటే వెలితి. స్టార్ అంటే అప్పట్లో రూపర్ట్ మర్డోక్ కుటుంబానికి చెందిన ట్వంటీఫస్ట్ సెంచురీ ఫాక్స్. 2019 మార్చిలో ఆ ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగాన్ని 71.3 బిలియన్ డాలర్లకి డిస్నీ కొనేసింది, ఆ మూటలో స్టార్ మా కూడా పోయింది. 2024 నవంబరు 14న డిస్నీ వాళ్ల ఇండియా వ్యాపారం, రిలయన్స్ వాళ్ల టీవీ కంపెనీ వయాకామ్18 కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. అంటే పదేళ్ల లోపలే ఈ ఛానల్ హైదరాబాద్ నుంచి మర్డోక్‌కి, అక్కడి నుంచి డిస్నీకి, అక్కడి నుంచి రిలయన్స్ చేతి కిందికి వచ్చింది. మా వీధిలో ఆ ఛానల్ తప్ప ఇంకోటి పెట్టని వాళ్లున్నారు, ఇన్ని మార్పుల్లో 2017లో పేరు ముందు 'స్టార్' చేరడం తప్ప ఇంకేదీ వాళ్ల దృష్టికి రాలేదు.

అన్ని అమ్మకాలూ ఒకేలా జరగవు. మా టీవీ విషయంలో స్టార్ కంపెనీ వాటాల జోలికి పోకుండా వ్యాపారాన్ని మాత్రమే విడిగా కొనుక్కుంది. ఇలా కొంటే ఛానళ్ల అనుమతులు కొత్త యజమాని పేరు మీదికి మారాలి, దానికి మంత్రిత్వ శాఖ ఒప్పుకోవాలి.

ఇంకో దారి వాటాల దారి, దాంట్లో అందరికీ తెలియాల్సింది ఎన్డీటీవీ కథ. 2009-10లో ఆ సంస్థ ప్రమోటర్లు, అంటే దాన్ని పెట్టి నడిపిన ప్రణయ్ రాయ్, రాధికా రాయ్‌ల వాటాలు పట్టుకున్న హోల్డింగ్ కంపెనీ ఆర్ఆర్‌పీఆర్, వీసీపీఎల్ అనే ఒక చిన్న కంపెనీ దగ్గర 403.85 కోట్ల రూపాయలు అప్పు తీసుకుంది. ఆ అప్పుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వాటాలుగా మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉంది. పన్నెండేళ్లు ఆ కాగితం ఎవరికీ పట్టలేదు. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ వీసీపీఎల్‌నే కొనేసి, అప్పుని వాటాగా మార్చుకుంటున్నాం అంది. దాంతో ఆర్ఆర్‌పీఆర్ దగ్గరున్న ఎన్డీటీవీ 29.18 శాతం వాటా చేతికొచ్చే దారి తెరుచుకుంది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం లిస్టయిన కంపెనీలో ఎవరి వాటా అయినా 25 శాతానికి చేరితే, మిగతా వాటాదారుల దగ్గర ఇంకో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. షేరుకి 294 రూపాయలతో ఆ ఆఫర్ కూడా ఇచ్చారు. ఏడాది చివరికి రాయ్ దంపతులు తమ వాటాలో ఎక్కువ భాగం అమ్మేసి తప్పుకున్నారు. అమ్మకం జరిగింది 2022లో అని అందరం అంటాం గానీ, సంతకం మాత్రం అప్పు తీసుకున్న రోజే పడిపోయింది. ఏదైనా ఛానల్ యజమాని అప్పుల్లో ఉన్నాడని, షేర్లు తాకట్టులో ఉన్నాయని వార్త చదివితే అమ్మకం వార్త కన్నా దాన్నే ఎక్కువ పట్టించుకోవాలని నేను అనేది ఇందుకే.

మూడోది విలీనం. రిలయన్స్, డిస్నీ కలిసి పెట్టిన కంపెనీ విలువ 70,352 కోట్లు అని చెప్పారు, అందులో రిలయన్స్ కొత్తగా 11,500 కోట్లు పెట్టింది. వాటాలు చూస్తే రిలయన్స్‌కి నేరుగా 16.34 శాతం, వయాకామ్18 ద్వారా 46.82 శాతం, డిస్నీకి 36.84 శాతం. వందకి పైగా టీవీ ఛానళ్లు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. దీంట్లో తెలుగువాళ్లు గమనించని ముక్క ఒకటుంది. 2014లో ఈటీవీ గ్రూపుతో పూర్తయిన కొనుగోలులో రిలయన్స్ చేతిలో ఉన్న నెట్‌వర్క్18 గ్రూపుకి ఈటీవీ తెలుగు ఛానళ్లలో 24.5 శాతం వాటా వచ్చింది. అది పెత్తనం చేసే వాటా కాదు, ఈటీవీ నడిపేది ఈనాడు వాళ్లే. అయినా తెలుగులో పెద్ద వినోద ఛానళ్లు నాలుగు అనుకుంటే, ఒకటి పూర్తిగా, ఇంకోటి పావువంతు దగ్గర దగ్గర ఒకే గ్రూపుకి సంబంధం ఉన్నవి అయ్యాయి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం, అంటే బిల్లుకి.

నెల మొదటి వారంలో తిరుపతి కొర్లగుంటలో ఒక కేబుల్ ఆపరేటర్ గదిలో అరగంట కూర్చుంటే ఈ వ్యవహారం మొత్తం అర్థమవుతుంది. గోడకి నాలుగు పాత బాక్సులు, ఒక మూల వైరు చుట్టలు, చేతిలో ఫోను, ఫోన్‌లో రెన్యువల్ లిస్టు. వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. "అన్నా, నిన్నటి నుంచి సీరియల్ రాలేదే, డబ్బులు కట్టేసినాం గదా?" "ప్యాక్ మారిందక్కా, పాత ప్యాక్ కంపెనీవాళ్లే తీసేసినారు. అది కావాలంటే ఇంకో ముప్పై పడతాది." "మీ ఇష్టం వచ్చినట్టు పెంచుకుంటారా?" "నా చేతిలో ఏముందక్కా, రేటు పైనుంచే వస్తాది." అక్క నమ్మదు. ఆయన మాట మాత్రం నిజమే.

2019లో టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ పద్ధతి ప్రకారం డబ్బు కట్టి చూసే ప్రతి పే ఛానల్‌కీ దాని ధర ఎంతో బ్రాడ్‌కాస్టరే, అంటే ఛానల్ కంపెనీయే ప్రకటించాలి, మనం కావాల్సినవి ఏరుకోవాలి. కాగితం మీద చాలా బాగుంది. ఆ ధరలో 80 శాతం దాకా బ్రాడ్‌కాస్టర్‌కి పోతుంది, కనీసం 20 శాతం పంపిణీ వాటా. ఆ వాటానీ, ఛానల్ ధర కాక మనం కట్టే నెట్‌వర్క్ ఫీజునీ పైనున్న ఎమ్మెస్వో (ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ), వీధిలోని ఆపరేటరు పంచుకుంటారు, వాళ్లలో వాళ్లకి లెక్క కుదరకపోతే 55:45 అని ట్రాయ్ చెప్పింది, అందులో 45 వీధిలో ఆపరేటరుది. కాబట్టి ఛానల్ ధర పెరిగితే అందులో సింహభాగం ఛానల్ కంపెనీకి, తిట్లు మాత్రం గోడకి వైరు కొట్టే ఆయనకి.

ధర కన్నా పెద్ద ఆయుధం బొకే, అంటే కొన్ని ఛానళ్లు కట్టగట్టి తగ్గింపు ధరకి ఇవ్వడం. బొకేలో చేర్చే ఛానల్ ధర 19 రూపాయలు దాటకూడదని ట్రాయ్ మొదట గీత గీసింది, 2020లో దాన్ని 12కి దించింది, కోర్టుల్లో పెద్ద గొడవ జరిగాక 2022 నవంబరులో మళ్లీ 19కే వచ్చింది. విడివిడి ధరల మొత్తం మీద 45 శాతం వరకూ బొకేకి తగ్గింపు ఇవ్వొచ్చు. ఒక ఊహా లెక్క చూడండి. మీకు కావాల్సినవి రెండే ఛానళ్లు, చెరి 19, మొత్తం 38 రూపాయలు. అదే కంపెనీ ఆ రెండింటితో పాటు ఇంకో ఆరు చిల్లర ఛానళ్లు కలిపి, విడిగా అయితే 60 అయ్యే కట్టని 33కే ఇస్తానంటుంది. ఎవరైనా 33దే తీసుకుంటారు. ఆ ఆరూ మీరు చూడరు, కానీ "ఇన్ని లక్షల ఇళ్లలో మా ఛానల్ ఉంది" అని ప్రకటనలవాళ్లకి చెప్పుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది.

రెండు పెద్ద నెట్‌వర్కులు కలిసినప్పుడు ఈ కట్ట ఇంకా బరువెక్కుతుంది. ఇంతకు ముందు ఒక కంపెనీ కట్టలో బలమైన సీరియల్ ఛానల్, ఇంకో కంపెనీ కట్టలో బలమైన స్పోర్ట్స్ ఛానల్ ఉండేవి, ఏదో ఒకటి వదులుకునే వీలు మనకుండేది. రెండూ ఒకే చేతిలోకి వస్తే వదులుకోవడం కష్టం. ఎమ్మెస్వోకీ అంతే. ఛానల్ అడిగిన పంపిణీదారుకి ఇవ్వను అనడానికి బ్రాడ్‌కాస్టర్‌కి వీల్లేదు, వివక్ష చూపకూడదని నిబంధన ఉంది. కానీ కొత్త రేటుకి సంతకం పెట్టకపోతే ఆపేయొచ్చు. 2023 ఫిబ్రవరిలో జరిగింది అదే. కొత్త రేట్లకి ఒప్పుకోని కేబుల్ కంపెనీలకి డిస్నీ స్టార్, జీ, సోనీ మూడూ సిగ్నల్ ఆపేశాయి, కోట్ల ఇళ్లలో కొన్ని రోజులు ఆ ఛానళ్లు రాలేదు. చివరికి కేబుల్ వాళ్లే దిగొచ్చారు. అప్పుడు విడివిడిగా మూడు కంపెనీలు చేసిన పనే అది, వందకి పైగా ఛానళ్లున్న ఒక్క కంపెనీ బేరానికి కూర్చుంటే ఎలా ఉంటుందో లెక్క వేసుకోవచ్చు.

తర్వాతి వంతు ప్రకటనలది. ఇది మనకి కనబడదు గానీ ఛానల్ బతికేది దీని మీదే. దేశం మొత్తం మీద 55 వేల పైచిలుకు ఇళ్లలో రేటింగులు లెక్కకట్టే సంస్థ బార్క్ పెట్టిన మీటర్లు, ఏ ఛానల్ ఎంతమంది చూస్తున్నారని చెప్పేదాన్ని బట్టి పది సెకన్ల ప్రకటనకి ఇంత అని రేటు కడతారు. తిరుపతి గాంధీరోడ్డులో బట్టల కొట్టాయన ఈ ఆటలో లేడు, ఆయనకి లోకల్ కేబుల్‌లో కింద స్క్రోలింగ్ చాలు. సబ్బుల కంపెనీ, బంగారం కొట్ల గొలుసు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఆటగాళ్లు. నెట్‌వర్కులు కలిస్తే వీళ్లకి కూడా కట్టే అంటగడతారు, ఫలానా ఛానల్‌లో ఏడున్నర స్లాట్ కావాలంటే మిగతా మూడింటిలో కూడా ఇన్ని సెకన్లు తీసుకో అని. ఈ భయంతోనే, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 ఆగస్టులో రిలయన్స్-డిస్నీకి ఒప్పుకుంటూ, క్రికెట్ ప్రకటనల స్లాట్లని టీవీకీ ఓటీటీకీ కలిపి అంటగట్టకూడదు అన్న షరతు రాయించుకుంది. షరతు క్రికెట్‌కే. సీరియళ్ల సంగతి దాంట్లో లేదు. పైగా ఓటీటీలో ఊరిని బట్టి ప్రకటన వేసే వీలుంది కాబట్టి, రేపు ఆ గాంధీరోడ్డు ఆయన కూడా స్క్రోలింగ్ మానేసి తిరుపతి వరకూ ఓటీటీలోనే వేసుకోవచ్చు. అప్పుడు వీధి కేబుల్ ఆయనకి ఉన్న ఆ చిన్న ఆదాయం కూడా పోతుంది.

ఇక కథలు తీసేవాళ్లు, సినిమాలు అమ్మేవాళ్లు. నిర్మాత సినిమా తీశాక శాటిలైట్ హక్కులు, ఓటీటీ హక్కులు అమ్ముకుంటాడు, తెలుగులో మీడియం బడ్జెట్ సినిమా చాలాసార్లు ఆ డబ్బు చూసుకునే మొదలవుతుంది. కొనేవాళ్లు ఐదుగురున్నప్పుడు ఒకడు కాదంటే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. మన చిత్తూరు తోతాపురి మామిడి రైతుకి ఇది చెప్పక్కర్లేదు. పండు ఎంత బాగా కాసినా కొనేది గుజ్జు ఫ్యాక్టరీలే, వాళ్లు ఇంతే ఇస్తాం అంటే ట్రాక్టరు క్యూలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. 2025లో ధర మరీ పడిపోయి, ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలిపి 12 చేయాల్సి వచ్చింది. సినిమా నిర్మాతకి ఆ నాలుగు రూపాయలు కలిపే ప్రభుత్వం ఉండదు. సీరియల్ తీసే ప్రొడక్షన్ హౌసు పరిస్థితి ఇంకా నాజూకు, ఎందుకంటే చాలాసార్లు కథా, పేరూ, పాత ఎపిసోడ్లూ అన్నీ ఛానల్ సొంతం. రోజుకి ఇంత అని లెక్కకట్టి తీసిచ్చేవాళ్లే వీళ్లు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, సీరియల్ ఆపేస్తారా. రేటింగ్ వస్తున్నదాన్ని ఎవరూ ఆపరు. కానీ కొత్తగా మొదలయ్యే సీరియళ్ల కథ ఎక్కడి నుంచి వస్తుందన్నది మారుతుంది. పెద్ద నెట్‌వర్కుకి ఐదారు భాషల్లో ఛానళ్లుంటాయి, ఒక భాషలో ఆడిన కథని మిగతా భాషల్లో తీస్తే కొత్తగా కథ వెతికే పని తప్పుతుంది. స్టార్ మాలో ఏళ్ల తరబడి నంబర్ వన్‌గా నడిచిన 'కార్తీకదీపం' మూలం ఏషియానెట్ మలయాళ సీరియల్. తెలుగు ఇళ్లలో వంటలక్క అంటూ సొంత మనిషిలా చెప్పుకున్న పాత్ర కేరళ నుంచి నెట్‌వర్కు దారిలో వచ్చింది. నాకు దీంట్లో పెద్ద అభ్యంతరం లేదు, తీసిన విధానం తెలుగుదే. డబ్బింగ్ అయితే వేరు, దానికి వ్యతిరేకంగా మన టీవీ కళాకారులు గతంలో రోడ్డెక్కారు కూడా. రీమేక్‌లో కనీసం నటులకీ, కెమెరా వాళ్లకీ, లైట్ బాయ్‌లకీ పని ఉంటుంది. రచయితకి మాత్రం తగ్గుతుంది.

మన సరిహద్దు మండలాల్లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. కుప్పం, వి.కోట వైపు ఇళ్లలో తెలుగు, కన్నడ, తమిళ ఛానళ్లు మూడూ తిరుగుతాయి, నగరి, సత్యవేడు వైపు తమిళం లేని ప్యాక్ ఎవరూ తీసుకోరు. ఈటీవీ కన్నడ 2015లో కలర్స్ కన్నడ అయినప్పుడు కుప్పం వాళ్లకి అమ్మకం ప్రభావం మనకన్నా ముందే తెలిసింది. మూడు భాషలూ చూసే ఇంట్లో ఒకే కథ మూడుసార్లు చూడాల్సి రావడం, మూడు భాషల ప్యాక్‌కి డబ్బు కట్టి మరీ, వాళ్లకి మాత్రమే ఉన్న కష్టం.

మంచి జరగదా అంటే జరుగుతుంది. మా టీవీ చేతులు మారాక వచ్చిన డబ్బూ ధైర్యమూ తెర మీద కనబడ్డాయి. 2017లో తెలుగులో బిగ్ బాస్ మొదలైంది, అంత పెద్ద సెట్టూ అన్ని కెమెరాలూ పెట్టి నెలల తరబడి నడపడం అంటే వెనక పెద్ద నెట్‌వర్కు లేకుండా తేలిక కాదు. ఆ షో మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, నాకూ ఒకటుంది, ఇక్కడ అనవసరం. సీరియళ్లలో కెమెరా పనితనం, లొకేషన్లు కూడా మెరుగయ్యాయి. జీతాలు టైముకి రావడం అనే చిన్న విషయం కూడా ఉంది, అప్పుల్లో కూరుకుపోయిన యజమాని దగ్గర పనిచేసినవాళ్లని అడిగితే అది ఎంత పెద్ద విషయమో చెప్తారు. అయితే విలీనం అయితే రెండేసి ఉన్న ప్రతి విభాగం ఒకటవుతుంది, ఇద్దరు చేసే పని ఒకరి మీద పడుతుంది, రెండో మనిషి ఇంటికి పోతాడు.

రెండో ప్రశ్న పార్టీలది, అంటే వార్తలది. ఇక్కడ చట్టం వేరు. వినోద ఛానల్‌లో విదేశీ పెట్టుబడి నూరు శాతం రావొచ్చు, వార్తా ఛానల్‌లో 49 శాతం దాటకూడదు, దానికీ ప్రభుత్వ అనుమతి కావాలి. స్టార్ 2012లో వార్తల నుంచి తన పేరు వెనక్కి తీసుకుంది, స్టార్ న్యూస్ అప్పుడే ఏబీపీ న్యూస్ అయింది. దీనివల్ల జరిగిందేంటంటే, సీరియళ్లు బహుళజాతి కంపెనీల చేతికి పోయాయి, వార్తలు ఇక్కడి వ్యాపారుల దగ్గరా, రాజకీయాలకి దగ్గరగా ఉన్నవాళ్ల దగ్గరా ఉండిపోయాయి. వార్తా ఛానల్ కొనేవాడు లాభం చూసి కొంటాడనుకుంటే పొరపాటు, చాలా వాటికి లాభమే ఉండదు. మిగతా వ్యాపారాలకి కాపుగా కొంటారు. టీవీ9లో మెజారిటీ వాటా 2018లో అలందా మీడియా చేతికి వెళ్లింది, మరుసటి ఏడాది మే నెలలో ఛానల్‌ని మొదటి నుంచి నడిపిన రవిప్రకాశ్‌ని పదవి నుంచి తప్పించారు. ఎన్డీటీవీలో రాయ్ దంపతులు హోల్డింగ్ కంపెనీ బోర్డు నుంచి దిగిపోయిన మర్నాడే అక్కడి పేరున్న యాంకరు రవీశ్ కుమార్ రాజీనామా చేశారు. సీరియల్ ఛానల్‌లో ఏళ్లు పట్టే మార్పు వార్తల్లో రోజుల్లో వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మకం నడుస్తున్నన్నాళ్లూ యజమాని ప్రభుత్వం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, ఎందుకంటే అనుమతి వాళ్లే ఇవ్వాలి. ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో సీబీఎస్ ఛానల్ మాతృసంస్థ పారామౌంట్‌ని స్కైడాన్స్ అనే కంపెనీ కొనే బేరం నడుస్తుండగా, ట్రంప్ వేసిన దావాని పారామౌంట్ 2025 జులైలో 16 మిలియన్ డాలర్లు కట్టి పరిష్కరించుకుంది, అదే నెల చివర్లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది, ఆగస్టు 7న బేరం పూర్తయింది. రెండింటికీ సంబంధం లేదని కంపెనీ అంది. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మన రాష్ట్రంలో అయితే అమ్మకం కూడా అక్కర్లేదు. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 కేబుల్‌లో రావడం లేదని గొడవ, 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ రావడం లేదని గొడవ. రెండుసార్లూ అధికారంలో ఉన్నవాళ్లు మాకేం సంబంధం అన్నారు. ఛానల్ యజమాని ఎవరైనా, ఇంటికి వచ్చే వైరు ఎవరి చేతిలో ఉందన్నది అంతకన్నా ముఖ్యం కావొచ్చని అప్పుడు తెలిసింది. ఆ మాటకొస్తే తిరుపతిలోనే ఉన్న భక్తి ఛానల్ ఎస్వీబీసీ చూడండి. 2008లో టీటీడీ మొదలుపెట్టిన ఛానల్, దాన్ని ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు, ప్రభుత్వం మారినప్పుడు మాత్రం ఛైర్మన్ కుర్చీలో మనిషి మారతాడు.

అమ్మకం తర్వాత వార్తల్లో మొదటి కోత ఎక్కడ పడుతుందో జిల్లాలో పనిచేసే ఏ విలేకరిని అడిగినా చెప్తాడు. తిరుమల కొండ బీట్ జోలికి ఎవరూ రారు, అక్కడి నుంచి వచ్చే ప్రతి బైటూ చూస్తారు. పలమనేరు దగ్గర రాత్రి ఏనుగులు పొలంలో పడితే తెల్లారేసరికి పోయి వీడియో తీసి పంపే స్ట్రింగర్ ఉన్నాడే, ఐటమ్‌కి ఇంత అని తీసుకునేవాడు, ఆయన బిల్లు ఆగిపోతుంది. ఉద్యోగి కాదు కాబట్టి తీసేశారన్న లెక్కలోకి కూడా రాడు. అలా కోత పడ్డ వార్త కోసం ఎవరూ ధర్నా చేయరు, రానిది రాలేదని తెలియదు గనక.

అమ్మకం జరగకపోయినా దెబ్బే, అది జీ విషయంలో చూశాం. సోనీతో విలీనం 2021లో ప్రకటించారు, రెండేళ్లు నడిచింది, ఎవరు నడపాలి అన్న దగ్గర పేచీ తెగక 2024 జనవరి 22న సోనీ రద్దు చేసుకుంది. మర్నాడు ఒక్కరోజులోనే జీ షేరు దాదాపు 30 శాతం పడిపోయింది. అప్పటికి ప్రమోటర్ల చేతిలో ఉన్నది 4 శాతం లోపు వాటా, అంటే దెబ్బ తిన్నవాళ్లలో ఎక్కువమంది మామూలు వాటాదారులూ ఫండ్లూనే. ఆ రెండేళ్లూ కంపెనీలో పెద్ద నిర్ణయం తీసుకునే ధైర్యం ఎవరికుంటుంది? రేపు బాస్ ఎవరో తెలియనప్పుడు కొత్త షోకి సంతకం పెట్టేవాడు ఉండడు.

ఈ బేరాలన్నీ కళ్లకి కట్టినట్టు కనబడేది క్రికెట్‌లో. 2022 జూన్‌లో ఐపీఎల్ ఐదేళ్ల హక్కులు మొత్తం 48,390 కోట్లకి పోయాయి. టీవీ హక్కులు స్టార్ 23,575 కోట్లకి పాడుకుంది, డిజిటల్ హక్కుల్లో పెద్ద ముక్క వయాకామ్18 20,500 కోట్లకి పట్టుకుపోయింది. ఇద్దరూ పోటీ కాబట్టి 2023, 2024లో వయాకామ్18 తన జియోసినిమా యాప్‌లో మొత్తం ఉచితంగా చూపించింది, స్టార్ వాళ్లు టీవీలోనే చూడండి అని ఊదరగొట్టారు, మధ్యలో మనం బాగుపడ్డాం. తిరుపతిలో హాస్టల్ కుర్రాళ్లు ఆ రెండు సీజన్లూ ఒక్క రూపాయి కట్టకుండా ఫోన్లలో చూశారు. 2024 నవంబరులో ఆ ఇద్దరూ ఒకటయ్యారు, 2025 ఫిబ్రవరిలో రెండు యాప్‌లూ కలిపి జియోహాట్‌స్టార్ వచ్చింది, ఆ ఏడాది ఐపీఎల్‌కి మూడు నెలలకి 149 రూపాయల ప్లాన్ దగ్గర మొదలుపెట్టారు, లేదా వాళ్ల సిమ్ రీఛార్జి చేసుకుంటే అందులో కలిపి ఇచ్చారు. 149 పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ ఉచితం ఎందుకు ఆగిందో అడిగితే, ఎదుటివాడు లేడు కాబట్టి అన్నదే జవాబు.

ఈ హక్కుల గడువు 2027 సీజన్‌తో అయిపోతుంది. ఆ తర్వాతి వేలంలో 2022లో ఒకరి మీద ఒకరు పాడినవాళ్లు ఈసారి ఒకే కుర్చీలో కూర్చుంటారు. జీ, సోనీ కలిసి ఉంటే ఎదురు పాడేందుకు ఇంకో పెద్ద చేయి ఉండేది, అది కుదరలేదు. అమెజాన్ లాంటి కంపెనీలకి డబ్బుకి కొదవ లేదు గానీ, అది 2022లో వేలం మొదలవకముందే తప్పుకుంది. ఈసారి వేలానికి ఎవరు వస్తారన్న దాన్ని బట్టి బీసీసీఐకి ఎంత వస్తుందో తేలుతుంది, మన ఫోన్ ప్లాన్‌లోనూ కేబుల్ ప్యాక్‌లోనూ ఎంత పెరుగుతుందో కూడా తేలుతుంది.